మగ్గాలు ఆగితే లేచే పిల్ల

మైకత్త గొంతు సంగతి ముందే చెప్పేయాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. అరవై మరమగ్గాలు ఒక్కుమ్మడిగా ఆడుతున్న షెడ్డులో ఈ చివర నిలబడి ఆవిడ ఒక్క కేక వేస్తే ఆ చివర టీ తాగుతున్న మేస్త్రీ ఉలిక్కిపడి గ్లాసు కింద పెట్టేవాడు. ఈవిడకి మైకెందుకు అని ఎవరో అన్నారు. ఆ అన్న మాటే పేరై కూర్చుంది. ముప్పై ఏళ్ళుగా ఆవిడ అందరికీ మైకత్తే. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంటుంది గానీ అది చూసే తీరిక ఎవరికుంది?

అంత గొంతు ఉన్నా షెడ్డులో కబుర్లు నడిచేది చేతుల మీదే. ఆ మోతలో మామూలు మనిషి మాట పక్కవాడికి కూడా అందదు. అందుకని ఎప్పుడో ఎవరో మొదలుపెట్టిన చేతుల మాట ఒకటి అక్కడ ఉంది. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. పిడికిలి తిప్పితే కండెలో నూలు అయిపోయిందని. పైపెదవి మీద వేలు రాస్తే మేస్త్రీ వస్తున్నాడు, మీసాలాయన వస్తున్నాడు జాగ్రత్త అని. దానికి తోడు గొంతు లేకుండా పెదవులు మాత్రం బాగా కదిపి మాట్లాడేవారు. చూసి చదువుకోవడమే. తన కోడల్ని కూడా మైకత్త అలాగే కుదుర్చుకుంది. అవతలి వరుసలో నేసే పిల్లని, మావాణ్ణి చేసుకుంటావా అని నాలుగు మగ్గాల మీదుగా చేతులతోనే అడిగింది. ఆ పిల్ల సిగ్గుపడకుండా, ఆలోచించి చెప్తానని చేతులతోనే జవాబిచ్చింది. ఆ జవాబు మైకత్తకి తెగ నచ్చింది.

ఇంకో సంగతి. ఆ షెడ్డులో ఇరవై ఏళ్ళు పనిచేసిన వాళ్ళెవరికీ చెవులు సరిగ్గా ఉండవు. ఒక్కరూ ఒప్పుకోరు. మైకత్తనడిగితే, "నాకు వినపడకేం, మీరే గొణిగి చస్తారు" అనేది.

కోడలికి ఐదో నెల వచ్చినప్పుడు, నెలకోసారి వచ్చి గర్భిణులను చూసే నర్సమ్మ ఒక మాట చెప్పింది. ఈ మోతలో ఉండకు, నేసిన బట్ట తానులు మడతపెట్టే గదిలోకి మారు అంది. ఆ గది పెరడుకి అవతల ఉంటుంది. అక్కడ చప్పుడు తక్కువ, కూర్చునే పని. కోడలు మర్నాడు మగ్గం దగ్గర నిలబడి అత్త వంక చూసి, మడతల గది వైపు చెయ్యి చూపించి, మారనా అని సైగ చేసింది. మైకత్త ఒక చేత్తో పోగు మోసే నాడె మారుస్తూనే రెండో చేత్తో ఆ మాటని దోమని తోలినట్టు తోలేసింది.

"నొప్పులొచ్చేదాకా మగ్గం మీదే ఉన్నా నేను" అంది ఇంటికొచ్చాక. "వీడు పుట్టలేదా? వీడికేం తక్కువైంది? తానులు మడతపెట్టేది ముసలివాళ్ళు. నువ్వు నా కోడలివి."

ఆవిడ కొడుకు ఆ షెడ్డులోనే మగ్గాలు బాగుచేసే మెకానిక్. తనకేం తక్కువైందో తనకి తెలీదు గనక ఊరుకున్నాడు. కోడలు మగ్గం మీదే ఉండిపోయింది. మైకత్త మాత్రం ప్రేమ లేని మనిషి కాదు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే మంచి దూది ఉండలు చేసి కోడలి చెవుల్లో తన చేత్తోనే పెట్టేది. ఇంక భయం లేదు పో అనేది.

ఆడపిల్ల పుట్టింది. ఏడుపు బాగానే ఏడ్చింది, పాలు బాగానే తాగింది. తెల్లగుడ్డలో చుట్టి చేతికిస్తే, నూలు చుట్టిన కండెలా ఉందని మైకత్త మురిసిపోయింది. కండె అనే పిలిచింది, అందరూ అదే పట్టుకున్నారు. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు వాళ్ళు ఒక చీటీ ఇచ్చారు, ఆరు వారాలకి తీసుకొచ్చి పిల్ల చెవులు పరీక్ష చేయించమని. మగ్గాల పక్కన పుట్టిన పిల్లకి చెవి పరీక్షేమిటి, వీళ్ళకేం పనిలేదా అనుకుని మైకత్త దాన్ని నాలుగు మడతలు పెట్టి డబ్బాలో పడేసింది.

వాళ్ళు ఉండేది షెడ్డు వెనక వరసగా కట్టిన గదుల్లో. వెనకగోడ షెడ్డుదీ, వీళ్ళదీ ఒకటే. మగ్గాలు ఆడుతుంటే అటకమీద గ్లాసులు సన్నగా వణుకుతుండేవి. నేల కూడా వణికేది. కొత్తగా వచ్చిన చుట్టాలకి కడుపులో తిప్పేది గానీ అక్కడ పుట్టి పెరిగిన వాళ్ళకి అదే జోలపాట. నిజంగానే ఆ వరసలో పసిపిల్లలందరికీ ఒక అలవాటుంది. మగ్గాలు ఆడినంతసేపూ నిద్రపోతారు. కరెంటు పోయి మోత ఆగిందా, ఒక్కొక్కళ్ళే లేచి ఏడుపు మొదలుపెడతారు. తల్లులు పని వదిలి పరుగెత్తుకొస్తారు. కరెంటు పోతే దీపం కన్నా ముందు పాలసీసా వెతుక్కోవాలని అక్కడ ఒక జోకు.

కండె కూడా అంతే. మగ్గాలు ఆగితే చాపమీద కళ్ళు తెరిచేది. కాకపోతే మిగతా సమయంలో అంత మంచి పిల్ల ఆ వరసలోనే లేదు. తలుపు ధబాలున పడినా, పక్కగదిలో మొగుడూపెళ్ళాలు కేకలేసుకున్నా, గిన్నెలు పడినా, నిద్ర చెదిరేది కాదు. మైకత్త ఆ గొప్ప ఊరంతా చెప్పుకుంది. నేతపిల్లంటే ఇదీ, వీళ్ళమ్మలా కాదు, నాలా పుట్టింది అనేది. పనినుంచి రాగానే పిల్లని ఒళ్ళో ఎదురుగా కూర్చోబెట్టుకునేది. ఆ రోజు షెడ్డులో జరిగిందంతా చేతులు తిప్పుతూ, కనుబొమ్మలు ఎగరేస్తూ, మూతి వంకరలు తిప్పుతూ చెప్పేది. మేస్త్రీ ఎలా నడుస్తాడో, ఎవరి పోగు ఎన్నిసార్లు తెగిందో అంతా. పిల్ల కళ్ళార్పకుండా చూసి, బోసినోటితో నవ్వి, చిన్న చేతులు ఆడించేది. ఏ చెవిటిపిల్ల అయినా ఇలా కబుర్లు వింటుందా?

పిల్లకి ఐదో నెలలో నర్సమ్మ టీకాలు వెయ్యడానికి వచ్చింది. పిల్ల వెనకాల నిలబడి రెండుసార్లు చప్పట్లు కొట్టింది. తర్వాత తాళాల గుత్తి ఆడించింది. కండె ఎదురుగా ఉన్న వాళ్ళమ్మని చూసి నవ్వుతూనే ఉంది.

"ఆరు వారాలకి చెవి పరీక్ష చేయించారా?" అంది నర్సమ్మ.

కోడలు అత్త వంక చూసింది.

"ఎందుకమ్మా పరీక్ష?" అంది మైకత్త. ఆవిడకి ఒళ్ళు మండింది. "కరెంటు పోతే ఈ వరసలో పిల్లలందరితో పాటు లేస్తుంది మా పిల్ల. మగ్గాలు ఆగిన సంగతి చెవులు లేకపోతే ఎలా తెలుస్తుంది? నువ్వే చెప్పు."

 ఒక్కసారి చూపిస్తే పోయేదేముందత్తా అంది నర్సమ్మ. పోయేదేమీ లేదు, నీ అనుమానం తప్ప, అని నోరు మూయించి పంపేసింది మైకత్త. కోడలు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. అది కూడా మైకత్త గమనించింది గానీ వేడి చేసిందేమో అనుకుంది.

తర్వాత వారం ఒక మధ్యాహ్నం. ఎండ బాగా ఉంది, గదిలో ఉక్కగా ఉందని, ఆ పూట పనిలేని మైకత్త పిల్లని భుజాన వేసుకుని పెరట్లో, గోడకి దూరంగా ఉన్న రాతి అరుగు మీద కూర్చుంది. పిల్ల నిద్రపోయింది. లోపల మగ్గాలు ఆడుతున్నాయి. ఉన్నట్టుండి కరెంటు పోయింది.

మొదట ఆ మూల గదిలో బిడ్డ లేచింది. తర్వాత పక్కది. తర్వాత కవలలు ఇద్దరూ కలిసి అందుకున్నారు. తల్లులు షెడ్డులోంచి బిలబిలమంటూ పరుగెత్తుకొచ్చారు. కోడలు కూడా వచ్చింది, గదిలో పిల్ల లేకపోయేసరికి పెరట్లోకి తొంగిచూసింది. కండె నాన్నమ్మ భుజం మీద నోరు తెరుచుకుని, చొంగ కారుస్తూ, హాయిగా నిద్రపోతోంది.

మైకత్త నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఎందుకంటే మగ్గాలు ఆగితే తనకెలా తెలుస్తుందో ఆవిడకి తెలుసు. ఎవరితో చెప్పకపోయినా తెలుసు. ఈ మధ్య కొన్నేళ్ళుగా ఆవిడకి తన మగ్గం ఆగింది చెవితో కాదు, అరికాళ్ళతో తెలుస్తోంది. నేల వణకడం ఆగితే ఆగినట్టు. ఈ రాతి అరుగు మీద మగ్గాలు ఆడుతున్నప్పుడు కూడా వణుకు లేదు. భుజం మీద అసలే లేదు. గదిలో చాపమీద పడుకోబెట్టినప్పుడు మాత్రమే పిల్ల లేస్తోంది.

పిల్ల వింటున్నది చెవితో కాదు, వీపుతో.

 మైకత్త పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి, "కండే" అంది. మళ్ళీ అంది. మూడోసారి, షెడ్డు ఆ చివర వినపడే గొంతుతో అంది. పెరట్లో తల్లులందరూ తిరిగి చూశారు. పిల్ల కొంచెం కదిలి, మళ్ళీ సర్దుకుని పడుకుంది. కోడలు అక్కడే మెట్టు మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

ఆ మర్నాడే పెద్దాస్పత్రికి వెళ్ళారు, అత్తా కోడలూ పిల్లా. చెవులు పరీక్ష చేసే అమ్మాయి చిన్నది, పాతికేళ్ళు కూడా ఉండవు. పిల్ల నిద్రలో ఉండగా చెయ్యాలి అంది. నిద్రా, అందులో మా పిల్ల తర్వాతే ఎవరైనా, అనబోయి మైకత్త నోట్లో మాట నోట్లోనే మింగింది. ఇన్నాళ్ళూ ఆ మాట ఎంత గొప్పగా చెప్పుకుందో గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. పిల్ల నుదుటి మీద, చెవుల వెనకాల బిళ్ళల్లాంటివి అంటించి, చెవుల్లో సన్నటి గొట్టాలు పెట్టి, కంప్యూటరు ముందు కూర్చుంది ఆ అమ్మాయి. తెర మీద గీతలు పోతున్నాయి. పడుగులో పోగుల్లా వరసగా గీతలు. ఎక్కడ పైకి లేవాలో మైకత్తకి తెలీదు. ఆ అమ్మాయి మొహం చూస్తే మాత్రం లేవాల్సిన చోట లేవడం లేదని తెలిసింది. మొహాలు చదవడం మైకత్తకి ఎవరూ నేర్పక్కర్లేదు.

"రెండు చెవులూ దెబ్బతిన్నాయి" అంది, లోపలి గదిలో ఆ పరీక్ష కాగితాలు చూసిన డాక్టరమ్మ. "పూర్తిగా పోలేదు. బాగా గట్టి చప్పుళ్ళు కొన్ని అందుతున్నాయి. చెవులకి మిషన్లు పెడితే మాటలు కూడా అందుతాయి. మంచి సమయానికే వచ్చారు. ఇంకో ఏడాది ఆగి ఉంటే చాలా కష్టమయ్యేది."

"మాటలొస్తాయా?" అంది కోడలు. ఆ తల్లికి కావలసింది ఆ ఒక్కటే.

"పిల్ల మెలకువగా ఉన్నంతసేపూ మిషన్లు ఉండాలి. మీరు మాట్లాడుతూ ఉండాలి. వస్తాయనే నా నమ్మకం. ఎప్పుడు, ఎంత అనేది పిల్లే చెప్పాలి."

"ఎందుకిలా అయిందమ్మా?" అంది మైకత్త.

డాక్టరమ్మ కోడల్ని చాలా అడిగింది. జ్వరాలొచ్చాయా, వంశంలో ఎవరికైనా ఉందా, ఏం మందులు వాడావు, ఏం పని చేసేదానివి. మగ్గం అనగానే కలం ఆపింది.

"ఇదీ కారణం అని వేలు పెట్టి చూపించలేను. చూపించానంటే అబద్ధమవుతుంది. కానీ కడుపులో బిడ్డకి ఐదో నెల దాటాక చెవులు పనిచెయ్యడం మొదలవుతుంది. తల్లి మాటా, గుండె చప్పుడూ అక్కడే వింటుంది. బయట చప్పుడు సన్నదైతే తల్లి ఒళ్ళు ఆపుతుంది. దడదడమనే బరువు చప్పుడు మాత్రం లోపలికి పోతుంది. రోజూ ఎనిమిది గంటలు, నెలల తరబడి."

"దూది పెట్టాను" అంది మైకత్త. "రోజూ నా చేత్తోనే పెట్టాను."

"అది తల్లి చెవులకమ్మా. కడుపుకి దూది ఎక్కడ పెడతాం?"

"నేనూ మగ్గం మీదే మోశాను. మావాడికి బాగానే వినపడుతుంది."

"అందరికీ ఇలా అవ్వదు. ఎవరికి అవుతుందో ముందు తెలీదు. తెలీదు గనకే అందరూ దూరంగా ఉండాలంటాం."

బస్సులో వెనక సీట్లో కూర్చున్నారు. మైకత్త జీవితంలో మొదటిసారి మాట కోసం వెతుక్కుంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకునే దారులు బోలెడున్నాయి. డాక్టరమ్మే చెప్పింది, కారణం ఇదీ అని తేల్చలేమని. దాని చాటున దాక్కోవచ్చు. మైకత్తకి ఎన్ని లోపాలైనా ఉండనీ, దాక్కునే గుణం మాత్రం లేదు.

"నేనే చేశాను అమ్మాయ్" అంది. "మారతానంటే వద్దన్నాను. చీటీ ఇస్తే డబ్బాలో పడేశాను. నర్సమ్మ వస్తే తిట్టి పంపాను. మూడూ నేనే."



"పిల్లకి మూడో నెలనుంచే నాకు అనుమానం అత్తయ్యా" అంది కోడలు, కిటికీలోంచి చూపు ఇటు తిప్పి. "వెనకనుంచి పిలిచి చూసేదాన్ని. మీతో చెప్పే ధైర్యం లేక ఊరుకున్నా. నా బిడ్డ విషయంలో కూడా మీకు భయపడ్డాను. అందుకు నామీద నాకు కోపం. మీమీద కూడా కోపంగానే ఉంది. లేదని చెప్పను. కొన్నాళ్ళు ఉండనివ్వండి."

"ఉండనీ" అంది మైకత్త. "ఎన్నాళ్ళైనా ఉండనీ."

ఎదురుగా నిలబడి కొట్లాడే కోడలైతే ఆవిడకి సుఖంగా ఉండేది. ఇలా మెల్లగా నిజం చెప్పేవాళ్ళకి ఏం జవాబు చెప్పాలో ఆవిడకి ఎప్పుడూ తెలీదు.

నెల తిరిగేసరికి వాళ్ళు ఇల్లు మారారు. రెండు వీధుల అవతల, షెడ్డు గోడ లేని చిన్న ఇల్లు. నేల వణకదు. మొదటివారం మైకత్తకి నిద్రే పట్టలేదు. ఇదేం ఇల్లురా, శ్మశానంలా ఉంది అని కొడుకుని సాధించింది గానీ వెనక్కి పోదామని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

పిల్ల చెవుల అచ్చు తీసి, ఆ కొలతకి మెత్తటి మిషన్లు చేసిచ్చారు. చెవి వెనక చిక్కుడుగింజంత డబ్బా, చెవిలో అచ్చు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు పిల్ల ఆడుతున్న చేతులు అలాగే ఆపి, ఎటు చూడాలో తెలియక పైకప్పు వంక చూసింది. కోడలు "అమ్మా" అంది. పిల్ల కళ్ళు గుండ్రంగా అయ్యాయి. కోడలు ఏడుస్తూ నవ్వింది. ఆ సంతోషం పట్టలేక మైకత్త, "కండే! నేనే నాన్నమ్మని!" అని ఒక్క అరుపు అరిచింది. అంతే, పిల్ల గుక్కపట్టింది. చెవులమ్మాయి పరుగెత్తుకొచ్చి మిషన్ సవరించింది.

"అమ్మా, మీరు అరవకూడదు. అరిస్తే మాట విరిగిపోతుంది, పిల్లకి అందేది మోతే. దగ్గరగా, నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడండి."

నెమ్మదిగానట! ముప్పై ఏళ్ళ గొంతు అది. మైకత్త నెమ్మది అనుకున్నది పక్కింటివాళ్ళకి వినపడేది. కొడుకు ఎదురుగా కూర్చుని చెయ్యి కిందకీ పైకీ ఆడిస్తూ, తగ్గించమ్మా, ఇంకా తగ్గించు, అని నేర్పించాడు. ఆఖరికి ఆవిడ నోరు కదుపుతోందే గానీ గొంతు తనకే వినపడటం లేదనే స్థాయికి తగ్గిస్తే, అదీ సరిగ్గా ఉంది అన్నాడు. ఇంత చిన్న గొంతుతో బతకడం ఎలారా అని ఆవిడ నిజంగానే బాధపడింది. బాధపడుతూనే నేర్చుకుంది.

వారానికోసారి మాటలు నేర్పే టీచరమ్మ దగ్గరికి వెళ్ళేవారు. మొదటిరోజు టీచరమ్మ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని గంటసేపు బొమ్మలతో ఆడింది. మైకత్త మూల కుర్చీలో నేరం చేసినదానిలా కూర్చుంది. పిల్ల ఎన్ని నెలలు వెనకబడిందో ఇప్పుడు చెప్తారని, అది తన లెక్కలోనే పడుతుందని ఆవిడకి తెలుసు.

టీచరమ్మ తలెత్తి అంది, "ఇన్నాళ్ళూ ఈ పిల్లతో మాట్లాడింది ఎవరు?"



"వినపడని సంగతి తెలీక చాలా ఇళ్ళల్లో వెనకనుంచీ పక్కనుంచీ మాట్లాడుతుంటారు. పిల్లకి ఏదీ అందదు. ఈ పిల్ల చూడండి. నా నోరు చూస్తోంది, కళ్ళు చూస్తోంది. నేను ఆపేదాకా ఆగి, తన వంతు రాగానే చేతులు ఆడించి జవాబు చెప్తోంది. మాట్లాడుకోవడమంటే సగం ఇదే. ఎవరో దీని ఎదురుగా కూర్చుని రోజూ గంటలు గంటలు మాట్లాడారు. ఎవరు?"

మైకత్తకి ఇది మెచ్చుకోలో, మరో తప్పు పట్టడమో అర్థం కాలేదు. తల దించుకుంది.

"మా అత్తయ్య" అంది కోడలు.

"చేతుల మాట మానెయ్యాలామ్మా?" అంది మైకత్త, ఆ నేర్చుకున్న చిన్న గొంతుతో.

"ఎందుకు మానాలి? చేతులూ ఉండనివ్వండి, నోరూ కలపండి."

 ఆ రోజు బస్సులో కోడలు పిల్లని తన ఒళ్ళోంచి తీసి అత్త ఒళ్ళో ఎదురుగా కూర్చోబెట్టింది. మైకత్తకి ఆ అరగంట ప్రయాణం ఎలా గడిచిందో తెలీలేదు, అంత తేలిగ్గా ఉంది ఆవిడ ప్రాణం.

అక్కడితో ఊరుకుంటే ఆవిడ మైకత్త ఎలా అవుతుంది? షెడ్డులో మూడో వరసలో జడల పిల్ల అని ఒకమ్మాయి ఉండేది. ఒకరోజు ఆ పిల్ల మగ్గం మీదికి వంగే తీరు చూసి మైకత్త కనిపెట్టేసింది. ఎన్నో నెల అని నాలుగు మగ్గాల అవతలనుంచి సైగ చేసింది. ఆ పిల్ల బిత్తరపోయి నాలుగు వేళ్ళు చూపించింది. మైకత్త తన మగ్గాలు ఆపి నేరుగా మేస్త్రీ ముందుకెళ్ళి నిలబడింది.

"ఆ పిల్ల ఇవాళ్టినుంచి మడతల గదిలో."

"అత్తా, అక్కడ నాలుగే బల్లలు. నలుగురూ పాతవాళ్ళు."

"ఐదో బల్ల వెయ్యి."

"చోటేది?"

"నీ కుర్చీ ఉందిగా, తీసెయ్యి. నిలబడితే నీకేం నెలలు నిండవు."

మేస్త్రీ మీసాల కింద గొణిగాడు. మోతలో ఎవరికీ వినపడకపోయినా పెదవులు చూసి అందరూ చదివేశారు. వరసవరసా నవ్వు పాకింది. ఆ సందడికి షెడ్డు యజమాని గదిలోంచి బయటికొచ్చాడు. మైకత్త ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, కండె సంగతంతా చెప్పింది. తను చేసింది కూడా దాచకుండా చెప్పింది. కడుపుకి దూది పెట్టలేమండీ అంది. ఆయనా మనిషే, ఆయనకీ మనవలున్నారు. మధ్యాహ్నానికి ఐదో బల్ల వచ్చింది, మేస్త్రీ కుర్చీ వరండాలోకి వెళ్ళింది. ఎవరికైనా నెల తప్పిన సంగతి తెలిసిన రోజే మడతల గదికి మారాలన్నది అప్పటినుంచి షెడ్డులో మాటగా నిలిచిపోయింది. ఎవరైనా మొహమాటపడితే మైకత్త మొహమాటం దుమ్ము దులిపి పంపేది.

కండెకి ఏడాది నిండింది. మిషన్లు పీకి నోట్లో పెట్టుకునే దశ ఒకటి గడిచింది. కుక్క మొరిగితే తిరిగి చూడటం వచ్చింది. తలుపు కొడితే తలుపు వంక చూపించడం వచ్చింది. మాట మాత్రం రాలేదు. కోడలు రోజూ పిల్ల చెవి దగ్గర అమ్మ, నాన్న, పాలు, బంతి అని చెప్తూనే ఉంది. కండె ఈడు పిల్లలు అత్తా తాతా అంటుంటే వాళ్ళ నోళ్ళ వంక చూసి చూపు తిప్పుకునేది. మైకత్త అది చూసి లోపల లోపలే కుమిలిపోయేది. వస్తాయి వస్తాయి అని పైకి ధైర్యం చెప్పేది గానీ ఒకవేళ రాకపోతే అనే మాట ఆవిడ గుండెలో రాయిలా ఉండిపోయింది.

పధ్నాలుగో నెలలో ఒక సెలవురోజు పొద్దున. మైకత్త పొయ్యి దగ్గర నిలబడి పాలు కాస్తోంది. వెనకాల నేలమీద పిల్ల గిన్నెలతో ఆడుకుంటోంది. గుమ్మంలో కోడలు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో, మైకత్త తిరిగి చూస్తే అత్త వంకే చూస్తోంది. ఆ చూపులో ఏదో తేడా ఉంది.

"ఏమైందమ్మాయ్?" అంది మైకత్త.

"అత్తయ్యా, మీకు నిజంగా వినపడట్లేదా?"

"ఏం వినపడాలి?"

కోడలి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. దగ్గరికొచ్చి, పెదవులు బాగా కనపడేలా ఎదురుగా నిలబడి చెప్పింది. "నాలుగు రోజులనుంచి పిలుస్తోంది మిమ్మల్ని. మీరు ఎదురుగా ఉంటే చేతులతోనే పిలుస్తుంది. మీరు అటు తిరిగితేనే నోటితో పిలుస్తోంది. నామ్మా, నామ్మా అని. మొదట మీరు కావాలనే ఊరుకున్నారేమో, ఇంకోసారి పిలిపించుకోవాలనేమో అనుకున్నా. ఇప్పుడు కూడా మూడుసార్లు పిలిచింది."

మైకత్త చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పాలు పొంగి పొయ్యి మీదికి కారాయి, ఎవరూ పట్టించుకోలేదు.

"మాటొచ్చిందా?" అంది. "పిల్లకి మాటొచ్చిందా? మొదటి మాట నన్నా?"

"మిమ్మల్నే."

మైకత్త గోడవైపు తిరిగి నిలబడింది. ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకుని, ఒంట్లో ఉన్న శక్తంతా చెవుల్లోకి తెచ్చుకుని ఎదురుచూసింది. ఏమీ లేదు. దూది కుక్కినట్టు ఏమీ లేదు. ఎంతసేపు నిలబడిందో తెలీదు. చివరికి కాలిపిక్క మీద చిన్న చెయ్యి ఒకటి పడింది. తల వంచి చూసింది. పిల్ల పాక్కుంటూ వచ్చి, తల పైకెత్తి, పలకవేమే అన్నట్టు కోపంగా చూస్తోంది. ఆ పెదవులు కదిలాయి. మైకత్త ఆ మాట చదువుకుంది.

ఆవిడ నేలమీద కూలబడి పిల్లని గుండెకి అదుముకుని బావురుమంది. ఏడుపులోనే నవ్వింది, నవ్వులోనే ఏడ్చింది. పిలుస్తోందే, నా తల్లి నన్ను పిలుస్తోందే, అని వీధంతా వినపడేలా అరిచింది. పిల్ల ఈసారి బెదరలేదు. ఆ మోత ఎవరిదో ఇప్పుడు దానికి తెలుసు.

"అమ్మాయ్" అంది మైకత్త కళ్ళు తుడుచుకుంటూ. "రేపు ఆ చెవులమ్మాయి దగ్గరికి నేనూ వస్తా. నాకూ చూడమను. మనవరాలు పిలుస్తుంటే పలకని నాన్నమ్మ ఎందుకు, తగలెయ్యడానికా?"

కోడలు పకపకా నవ్వింది. ఆ ఇంటికి వచ్చినప్పటినుంచీ ఆ నవ్వు లేదు. అత్త పక్కనే నేలమీద చతికిలబడి, పిల్ల చెవిలో జారిన మిషన్ సర్దుతూ, "పొద్దున మొదటి బస్సుకే వెళ్దాం అత్తయ్యా" అంది.